చాచా చేపలకు పోలేదు

మొన్న పొద్దున టీ తాగుతుంటే వంటింటి అలమరలో గిన్నెలు గలగలమన్నాయి. బిందెలో నీళ్ళు వణికాయి. నా భార్య పొయ్యి మీది నుంచి చూపు తిప్పకుండానే, "ఇయ్యాల పొద్దుగాల్నే కొట్టిండ్రేంది?" అంది.

మా సెంటినరీ కాలనీలో ఈ మాటను ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. క్వార్టర్లకు కొంత దూరంలో ఓపెన్‌కాస్టు గని ఉంది; బాయి అంటే మాకు అదే. బొగ్గు మీదున్న రాతిని పగలగొట్టడానికి మధ్యాహ్నం పూట మందు పెట్టి పేలుస్తారు. ముందు సైరన్ మోగుతుంది. కాసేపటికి నేల ఒక్కసారి ఊగుతుంది. ఎక్కడున్నవాళ్ళు అక్కడే "కొట్టిండ్రు" అనుకుంటారు. మళ్ళీ సైరన్ మోగుతుంది. ఆ రోజుకు ఇక అంతే.

మొన్న సైరన్ మోగలేదు. నేను గ్లాసు వదిలేసి, నిద్రలో ఉన్న కొడుకును భుజాన వేసుకొని, భార్యను రెక్క పట్టి లాక్కొని బయటికి ఉరికాను. మా క్వార్టర్ల లైనులో మేము కాక అలా బయటికి వచ్చింది ఇంకొక్కరే. నాలుగిళ్ళ అవతల ఉండే చాచీ. చెప్పుల్లేకుండా రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. నన్ను చూసి గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"బేటా, ఇది బాయిది కాదు గద?"

"కాదు చాచీ. భూకంపం కావచ్చు."

టీవీలోనూ తర్వాత అదే చెప్పారు. చాచీ నా చెయ్యి వదల్లేదు. "రేపు సాయంత్రం మా కొడుకు ఎక్కే టూరు బస్సు బయలెల్లుతది. పెండ్లాం పిల్లలను తీసుకొని సముద్రానికి పోతనంటున్నడు. నేను వద్దంటె నవ్వుతున్నడు. నువ్వు చెప్పు బేటా. ఆ దినం ఒడ్డు మీద ఉన్నోనివి నువ్వే గద."

సరే అన్నాను. అక్కడ ఉన్నవాణ్ణి నేనే. అందుకే ఇన్నేళ్ళూ ఆమె ముందు సముద్రం మాట రాకుండా తప్పించుకు తిరిగాను.

చాచీ భర్త చాచా గని వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ రోజుల్లో మా గోడకు ఆనుకొనే వాళ్ళ క్వార్టరు ఉండేది. ఆయన దగ్గరికి పోతే గ్రీజు వాసన, కిరోసిన్ వాసన, శుక్రవారమైతే వాటి మీద అత్తరు వాసన. లైనులో పిల్లల సైకిళ్ళన్నీ ఆయన చేతుల మీదుగా నడిచేవి. మా బాపు గనిలో బ్లాస్టింగ్ ముఠాలో పని చేసేవాడు. సాయంత్రం ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల పొయ్యి రాజేసేవాళ్ళు. ఆ పొగ వీధంతా మోకాలెత్తున పరుచుకునేది. ఆ పొగలో ఇద్దరూ చెరొక కుర్చీ వేసుకొని కూర్చునేవాళ్ళు.

"నేను కొడితె కాసిపేట దాంక ఇనస్తది భాయ్," అనేవాడు బాపు.

"ఇనస్తది. గక్కడి మనుషులు నిన్ను తిట్టేది ఈడికి ఇనస్తలేదు, అంతే ఫరక్," అనేవాడు చాచా.

చాచీ గని లేని ఊరి నుంచి వచ్చింది. కొడుకు పుట్టి నడక నేర్చినా ఆమెకు పేలుడు అలవాటు కాలేదు. సైరన్ మోగగానే చేతిలో పని వదిలేసి గుమ్మం పట్టుకొని నిలబడేది. నేల ఊగగానే పెదవులు కదిలేవి. రెండో సైరన్ మోగినా వెంటనే లోపలికి పోయేది కాదు. లైనులో ఆడవాళ్ళకు అదొక వినోదం.

"భాభీ, సైరన్ గొట్టి మరీ చెప్తున్నం గద. ఇంకేం ఫికర్?" అనేవాడు బాపు.

"సైరన్ మీకు చెప్తది భయ్యా. భూమికి ఎవలు చెప్తరు?" అనేది ఆమె.

మాకు, పిల్లలకు, ఆమె భయం పెద్ద ఆట. ఖాళీ డ్రమ్మును ఆమె వంటింటి వెనక గోడ దగ్గర దొర్లించేవాళ్ళం. లోపల గిన్నెలు మోగేవి. ఆమె చేతులకు పిండితో బయటికి ఉరికి వచ్చేది. ఒకసారి అందరూ పారిపోయారు, నేను దొరికిపోయాను. కొడుతుందనుకున్నాను. లోపలికి తీసుకుపోయి, పొయ్యి మీది రొట్టెకు నెయ్యి రాసి, చక్కెర చల్లి, చుట్టి చేతిలో పెట్టింది. "గిన్నె వణికితే నా గుండె వణుకుతది రా. నీకు నవ్వులాట," అంది. నేను రొట్టె తింటూ కూడా నవ్వాను.

ఆ ఇళ్ళల్లో పెరిగిన మాకు నేల కదలడమంటే ప్రమాదం గడిచిపోవడం. భయపడవలసింది దానికి ముందే. ఊగిన తర్వాత గోడ మీది సున్నం దులుపుకొని ఎవరి పనిలో వాళ్ళు పడేవాళ్ళం. నడవడం, తినడం ఎలా వచ్చాయో మాకిది కూడా అలాగే వచ్చింది.

నేను ఇంటర్ చదువుతున్న చలికాలంలో మా లైను వాళ్ళంతా కంపెనీ ఇచ్చే ఎల్‌టీసీ మీద టూరు కట్టారు. ఒక బస్సు మాట్లాడుకున్నారు. టాపు మీద వంట సామాను, గ్యాసు పొయ్యి, చాపలు. కిందంతా చుడువ, సకినాల డబ్బాలు. చాచీ ఒక పెద్ద స్టీలు డబ్బా నిండా రొట్టెలు చేసి తెచ్చింది. వారం రోజులు గుళ్ళూ గోపురాలూ తిరిగాం. గుడి దగ్గర మేము దిగితే చాచా బస్సు నీడలో కూర్చొని డ్రైవరుతో ఇంజన్ గురించి మాట్లాడేవాడు. చివరగా సముద్రం. అందరం ఎదురు చూసింది దాని కోసమే. మాలో ఎవరూ సముద్రం చూసినవాళ్ళు కాదు. మేము ఎరిగిన పెద్ద నీళ్ళు గోదావరి.

చీకటి పడ్డాక చేరాం. ఒడ్డుకు దగ్గర్లో ఒక సత్రం. మేడ మీద పొడవాటి హాలు మాకిచ్చారు. కిటికీలోంచి చూస్తే నలుపు తప్ప ఏమీ కనబడలేదు కానీ చప్పుడు ఆగకుండా వస్తోంది.

"అండర్‌గ్రౌండు బాయిల పెద్ద ఫ్యాను నడిచినట్టున్నది," అన్నాడు బాపు.

"ఫ్యాను బందయితె గద నిద్ర పట్టంది. పండుకో," అన్నాడు చాచా.

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. నేను పడుకున్న ఇనుప మంచం కిందికీ పైకీ కాక, పక్కలకు ఊగుతోంది. స్టీలు డబ్బాల మూతలు టకటకమంటున్నాయి. పైన ఫ్యాను రెక్కలు వాటంతటవే అటూ ఇటూ ఊగాయి. హాలంతా సగం నిద్రలో ఉంది. బాపు దుప్పటి ముసుగులోంచి, "కొట్టిండ్రు," అని పక్కకు తిరిగాడు.

హాలు మొత్తం నవ్వింది. ఆ నవ్వులో నేనూ ఉన్నాను. ఆ మాటతో అందరికీ సొంత ఇంట్లో పడుకున్నట్టయింది. ఊగడం ఆగింది. మా ఒంట్లో రెండో సైరన్ దానంతటదే మోగిపోయింది.

చాచీ ఒక్కతే లేచి కూర్చుంది. ఒళ్ళో కొడుకు.

"ఈడ బాయి యాడుంది?" అంది.

బాపు మంచం వైపు తిరిగింది.

"భయ్యా, ఈడ బాయి యాడుంది? ఎవలు కొట్టిండ్రు?"

"నువ్వొచ్చినవని సముద్రం అడుగున కొట్టిండ్రు భాభీ. పండుకో," అన్నాడు బాపు. మళ్ళీ నవ్వులు. చాచా కూడా నవ్వి, చెయ్యి చాపి పిల్లవాడికి దుప్పటి సరిచేశాడు.

కిందికి దిగాక సత్రం కాపలా ముసలాయన చెప్పాడు. "భూమి కదిలిందండి బాబూ. మా పాకలో కుండలు కూడా దొర్లాయి. నా ఎరికలో ఎప్పుడూ లేదండి." ఆయనకూ అంతకు మించి తెలియదు. చెప్పి, చీపురు పట్టుకొని ఊడ్చుకుంటూ పోయాడు.

ఆ పొద్దటి గురించి తలుచుకున్నప్పుడు నన్ను ఎక్కువగా బాధించేది మాకు దొరికిన సమయం. ఎక్కడో నడి సముద్రం అడుగున నేల విరిగిందనీ, ఆ కుదుపే మా మంచాలను ఊపిందనీ, నీళ్ళు కూడా అప్పుడే బయలుదేరి మా వైపు వస్తున్నాయనీ తర్వాత తెలుసుకున్నాను. కుదుపు చటుక్కున వచ్చేసింది. నీళ్ళు రావడానికి మాత్రం గంటలు పట్టింది. ఆ సమయంలో మేము ఉప్మా వండుకున్నాం. పౌర్ణమి అని ఆడవాళ్ళు సముద్ర స్నానం చేసి వచ్చి తడి చీరలు పిట్టగోడ మీద ఆరేశారు. బాపు వాళ్ళు వరండాలో పత్తాలు పంచుకొని పేకాట ఆడారు. ముసలివాళ్ళతో, పిల్లలతో సహా అందరం నడుచుకుంటూ ఊరి అవతలికి పోగలిగినంత సమయం అది. ఎవరో ఒకరు పోదాం అంటే చాలు. ఒకామె అంది కూడా.

"భూమి కదిలిన దినం నీళ్ళ కాడికి ఎందుకు? బస్సెక్కి పోదాం పాండ్రి," అని చాచీ అందరినీ అడిగింది. అమ్మను అడిగింది, బాపును అడిగింది. ఏమొస్తుందని భయమంటే చెప్పలేకపోయింది. "ఏమో. మంచిగనిపిస్తలేదు," అంది. అదొక కారణమా అని నవ్వారు. ఆమె పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకొని మేడ మీద, సముద్రం కనబడని వెనక వైపు కూర్చుంది. దిగనంది. నేను చెల్లెను తీసుకొని ఒడ్డుకు పోతుంటే మెట్ల మీదికి వంగి పిలిచింది.

"బేటా, చెల్లెను తీస్కపోకు. ఈడ్నే ఆడుకోనియ్యి."

"కొట్టుడు అయిపోయింది చాచీ," అన్నాను నేను, బాపు గొంతుతో. నా వెనక ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నాకు గర్వంగా ఉండింది.

చెల్లెకు అప్పుడు ఆరేళ్ళు. చేతిలో ఎర్ర ప్లాస్టిక్ బకెటు. గవ్వలు ఏరుతోంది. ముందు ఒక అల మామూలు కన్నా బాగా పైకి వచ్చింది. ఇసుక మీద విడిచిన చెప్పులను ఎత్తుకుపోయింది. అందరూ కేకలు వేస్తూ నవ్వారు. తర్వాత నీళ్ళు వెనక్కి పోవడం మొదలుపెట్టాయి.

పోయాయి, పోయాయి, పోతూనే ఉన్నాయి. పడవలు ఒరిగి పక్కకు పడ్డాయి. ఎన్నడూ కనబడని నల్ల రాళ్ళు బయటపడ్డాయి. బురదలో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. రాత్రి నుంచి ఆగని ఆ చప్పుడు ఆగిపోయింది. నా చెవుల్లో ఎవరో దూది కుక్కినట్టయింది.

గనిలో నీళ్ళు చేరితే పంపులు పెట్టి తోడేస్తారు. తోడేశాక అడుగు నల్లగా, తడిగా మెరుస్తుంది. అప్పుడిక దిగొచ్చు. ఆ సముద్రం అడుగు సరిగ్గా అలాగే కనబడింది నాకు. భయం వేయవలసిన చోట ధైర్యం వచ్చింది. కొందరు గిన్నెలు, సంచులు పట్టుకొని చేపల కోసం లోపలికి ఉరుకుతున్నారు. నేను చెల్లె చెయ్యి పట్టుకొని, నీళ్ళు పొద్దున ఉన్న చోటు దాటి, ఇంకా లోపలికి నడిచాను. ఒక పెద్ద శంఖం కనబడింది. దాని కోసం ఇంకొంచెం.

వెనక నుంచి ఎవరో పిలుస్తున్నారు. తిరిగి చూస్తే రోడ్డు పక్క టీ కొట్టు దగ్గరి నుంచి చాచా వస్తున్నాడు. లుంగీ ఎగ్గట్టి, ఒక చెయ్యి పైకెత్తి ఊపుతూ, పడుతూ లేస్తూ ఉరికి వస్తున్నాడు. "వాపస్ రా! బేటా! వాపస్!"

ఆయన చూపు నా మీద లేదు. నా తల మీదుగా వెనక్కి చూస్తున్నాడు. నేనూ అటు తిరిగాను. ఆకాశానికీ సముద్రానికీ మధ్య తెల్లటి గీత ఒకటి, ఈ కొస నుంచి ఆ కొస దాకా. అది కదులుతున్నట్టు లేదు. మందమవుతోంది.

ఇక్కడి నుంచి నిన్నటి దాకా నేను ఎవరికీ చెప్పనిది.

"ఉరుకు!" అన్నాను చెల్లెతో. అది రెండడుగులు వేసి ఆగిపోయింది. బకెటు బోర్లా పడి గవ్వలు పోయాయి. "నా గవ్వలు, నా గవ్వలు," అని కూర్చొని ఏరుకోసాగింది. నేను చెయ్యి పట్టి లాగాను. రాలేదు. ఇంకోసారి లాగాను. ఆ తర్వాత చెయ్యి వదిలేశాను. వదిలేసి ఉరికాను.

చాచా నాకు ఎదురుగా వచ్చి, నన్ను దాటి పోయాడు. దాటుతున్నప్పుడు ఆయన నన్ను చూడలేదు, తిట్టలేదు. వెనక చెల్లె ఏడుపు వినబడింది. "బకెటు నేను తెస్త బేటా, నేను తెస్త, రా," అని ఆయన గొంతు వినబడింది. తర్వాత వేరే చప్పుడు మొదలైంది. గనిలో రాతి కట్ట జారినప్పుడు వచ్చే చప్పుడు, కానీ ఆగనిది.

సత్రం కాంపౌండు గోడ కింద ఇసుక గట్టు ఉంది. దాన్ని పాకుతుండగా నీళ్ళు మోకాళ్ళకు తగిలాయి. పక్కనే చాచా. ఒక చంకలో చెల్లె. ఇంకో మోచేతికి బకెటు. గోడ మీదికి ఎక్కిన నాకు ఆమెను అందించాడు. అందించడానికి రెండు చేతులూ వాడవలసి వచ్చింది.

"పట్టుకో. ఎనుకకు సూడకు. మేడ మీదికి పో!"

పట్టుకున్నాను. వెనక్కి చూడకుండా మెట్లెక్కాను. పైకి వెళ్ళి చూసేసరికి గట్టు లేదు, గోడ లేదు. పడవలు, పాకల కప్పులు, గోధుమరంగు నీళ్ళలో గిరగిరా తిరుగుతూ సత్రం కింది గదుల్లోంచి పోతున్నాయి.

నీళ్ళు తీయగానే బాపు, ఇంకొందరు కిందికి దిగారు. సామాను వెతకడానికి, కనబడనివాళ్ళను వెతకడానికి. సముద్రం చేయవలసింది చేసేసిందనుకున్నారు. ఒకసారి కొట్టాక మళ్ళీ కొట్టరన్నది మా బుద్ధి. చాచీ పిట్టగోడ పట్టుకొని అరిచింది, "ఎక్కుండ్రి! మీదికెక్కుండ్రి! ఇంకున్నదో ఏమో!" ఆ అరుపుకు సగం మంది మెట్ల దాకా వచ్చారు. రెండోది మొదటిదానికన్నా పెద్దది వచ్చింది. బాపు వరండా స్తంభాన్ని కావలించుకొని బతికాడు. ఆయన గోళ్ళు ఊడిపోయాయి. ఆ తర్వాత కూడా సాయంత్రం దాకా నీళ్ళు వస్తూ పోతూనే ఉన్నాయి.

మర్నాడు చాచా సరుగుడు తోటలో దొరికాడు. బకెటు మోచేతికి అలాగే ఉంది. అందులో బురద, రెండు చచ్చిన చేప పిల్లలు.

"అయ్యో, చేపలకు పోయిండు," అన్నారు ఎవరో. చాచాకు చేపలంటే ఎంత ఇష్టమో లైను మొత్తానికి తెలుసు. ఆదివారం గోదావరి నుంచి పచ్చి చేపలు తెచ్చి నాలుగిళ్ళకు పంచేవాడు. బకెటును మా చెల్లెదని గుర్తుపట్టినవాళ్ళు కూడా, దారిలో తీసుకొని ఉంటాడన్నారు.

బాపు నా వైపు తిరిగాడు. చేతివేళ్ళకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. "నువ్వు ఒడ్డు మీదనే ఉన్నవు గదరా. చేపలకు పోయిండా?"

నేను తల ఊపాను.

అంతే. ఒక్క మాట కూడా అనలేదు. తల ఊపాను. గోడ పక్కన చాచీ కూర్చొని ఉంది. చూసింది.

ఆ తల ఊపడం చుట్టూ మా లైను ఒక కథ అల్లుకుంది. అన్న చెల్లెను ఎత్తుకొని ఉరికి కాపాడాడు, పక్కింటాయన చేపలకు ఆశపడి పోయాడు. ఈ కథ నాకు ఎలా అక్కరకొచ్చిందో చెప్పనవసరం లేదు. బాపుకు కూడా అక్కరకొచ్చింది. తన "కొట్టిండ్రు" అనే మాటతో అందరినీ మళ్ళీ పడుకోబెట్టిన సంగతి ఎవరూ ఎత్తకుండా పోయింది. ఆయన ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట అనలేదు. మధ్యాహ్నం నేల ఊగితే లేచి వీధి చివరి దాకా పోయి వచ్చేవాడు. ఆయన పోయేదాకా మేమిద్దరం ఆ పొద్దు గురించి మాట్లాడుకోలేదు. చెల్లె ప్రతి రాఖీకి వచ్చి, "నన్ను ఎత్తుకొని ఉరికినవ్ గద అన్నా," అంటుంది. నేను మిఠాయి నోట్లో పెట్టుకుంటాను.

చాచీ కొడుకును బడిలో పిల్లలు "బకెటుగా" అని పిలిచేవాళ్ళు. వాడు కొట్లాడేవాడు. పెద్దయ్యాక కొట్లాడటం మానేసి వాడే ఆ మాట మీద నవ్వడం నేర్చుకున్నాడు. ఇప్పుడు గనిలో డంపరు నడుపుతాడు. వాళ్ళింట్లో చేపలు వండరు.

నిన్న సాయంత్రం మొదటి షిఫ్టు దిగాక బస్టాపు దగ్గరికి పోయాను. టూరు బస్సు సిద్ధంగా ఉంది. టాపు మీద చాపలు కడుతున్నారు. చాచీ బస్సు పక్కన నిలబడి ఉంది. కొడుకు మెట్టు మీద నిలబడి తన పిల్లలను లోపలికి ఎక్కిస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"అమ్మీ పంపిందా అన్నా? గంత పరేషాన్ ఎందుకు? మా అబ్బాజాన్ లెక్క నేను బకెటు పట్టుకొని ఉరుకుతనా? నాకంత ఆశ లేదు. ఒడ్డు మీద కూసొని చూసి వస్తం."

నేను ఆమె కోసం నచ్చజెప్పడానికి వచ్చాను. అంతవరకే అనుకున్నాను. ఆ మాటతో నా తల ఊపడం ఏం చేసిందో ఇన్నేళ్ళకు అర్థమైంది. ఒక మంచి మనిషికి చెడ్డపేరు తెచ్చిందని మాత్రమే అనుకుంటూ వచ్చాను. అది ఈ బస్సులో ఉన్న అందరికీ ఒక తప్పు పాఠం నేర్పింది. ఆశపడ్డవాణ్ణి సముద్రం తీసుకుపోతుంది, బుద్ధిగా ఒడ్డున కూర్చున్నవాణ్ణి ఏమీ చేయదు. నేల ఊగితే వీడు కూడా పక్కకు తిరిగి పడుకుంటాడు. పిల్లలను పక్కన పెట్టుకొని.

"చేపలకు పోలేదురా," అన్నాను.

"ఏంది?"

"మీ అబ్బాజాన్ చేపలకు పోలేదు. నా కోసం వచ్చిండు. నేను చెల్లెను ఇడిసిపెట్టి ఉరికిన. ఆయన ఎత్తుకొచ్చి నా చేతులల్ల పెట్టిండు. ఆ బకెటు మా చెల్లెది. అది ఏడుస్తాంటె తెచ్చిండు."

వాడి ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది, తీసేయడం మరిచిపోయినట్టు. బస్సు పక్కన ఉన్న చాచీ నా వైపు తిరిగింది.

"నువ్వు తల ఊపినవ్," అంది. అడిగినట్టు లేదు. "నేను సూసిన."

"ఊపిన చాచీ."

"నేను గూడ ఆయన మీద కోపం పెట్టుకున్న బేటా. పిల్లగాన్ని నా మీద ఇడిసి చేపల కోసం పోతివా అని. దినాం తిట్టిన." అంతే అంది. గొంతు పెంచలేదు. పెంచితే నాకు తేలికయ్యేది.

కొడుకు మెట్టు దిగి వచ్చాడు. కొడతాడనుకున్నాను. "మీ చెల్లెకు ఎరుకనా?" అన్నాడు.

"లేదు. ఇయ్యాల చెప్త."

డ్రైవరు హారన్ కొట్టాడు. వాడు చెయ్యెత్తి ఆపమని, నా భుజం పట్టుకొని బస్సులోకి ఎక్కించాడు. పట్టు గట్టిగా ఉంది, నొప్పి పుట్టేంత. డ్రైవరు పక్కన నిలబెట్టాడు. సీట్లన్నీ నిండి ఉన్నాయి. ఆ పొద్దు సత్రంలో నవ్విన ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు కూడా ఉన్నారు.

"మొదటి నుంచి చెప్పు," అన్నాడు వాడు. "నేల కదిలిన కాడి నుంచి. ఏం చెయ్యాల్నో గది గూడ చెప్పు. మా చాచా, మా పక్కింటాయన అనకు. పేరు పెట్టి చెప్పు."

చెప్పాను. సముద్రం పక్కన నేల ఊగితే, ఎవరి హెచ్చరిక కోసమూ ఆగకుండా నడిచి ఎత్తుకో, ఊరి లోపలికో పొమ్మని చెప్పాను. ఊగడం తెలియకపోయినా, నీళ్ళు ఉన్నట్టుండి వెనక్కి పోతే అదే సైరన్ అనుకొమ్మని చెప్పాను. సామాను వదిలేయమన్నాను, పిల్లల చెయ్యి వదలొద్దన్నాను. ఒక అల వచ్చి పోతే అయిపోయిందనుకోవద్దనీ, పెద్దది వెనక ఉండొచ్చనీ, సర్కారు వాళ్ళు చెప్పేదాకా దిగొద్దనీ చెప్పాను. చాచీ ఆ పొద్దు ఎవరెవరిని బతిమాలిందో, మేమెలా నవ్వామో చెప్పాను. నేను చెయ్యి వదిలిన సంగతి చెప్పాను. ఒక ముసలాయన తల వంచుకున్నాడు.

ఈ కాగితం మీద నేను ఎవరి పేరూ రాయలేదు. ఆ బస్సులో మాత్రం ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, పూర్తిగా, వెనక సీటు దాకా వినబడేలా పలికాను. చేపల మాట లేకుండా మా లైను వాళ్ళు ఆ పేరు వినడం ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. కిటికీ కింద నిలబడి ఉన్న చాచీ చప్పున కొంగు తల మీదికి లాక్కుంది. షిఫ్టు దిగి ఆయన గుమ్మంలోకి వచ్చినప్పుడు లాక్కునేది, అలాగే.